ప్రాచీన నాణెముల వేలము — కొనువారి కష్టములు



నేటి నా ప్రసంగమునకు విషయము ప్రాచీన నాణెముల వేలము. పల్లెటూళ్లలో నుండు మాకు దీనితో పని యేమి యని తమలో కొందరు అనుకొనవచ్చును. పని కలదు. వేలమునకు వచ్చు పాతనాణెము నగరమున పుట్టినది కాదు. అది ఏ చేనిలోనో నాగటికర్రుకు తగిలి, ఏ పాటిదిబ్బ మీదనో వాన వెలిసిన పిమ్మట మెరసి, ఏ పాతగోడ పునాదిలోనో కుండతోకూడ బయల్పడి, చేతులు మారి మారి వేలంశాలకు చేరును. కొనువానికి కలుగు చిక్కులలో సగము మన పొలముల యందే మొదలగుచున్నవి. అదియుగాక ఇటీవల మన గ్రామములలోని యువకులును చేతిలోని ఫోను మీదనే పాట పాడి నాణెములు కొనుచున్నారు. కావున ఈ వ్యవహారముయొక్క లోగుట్టు పెద్దలు తెలిసికొనియుండుట మంచిది.

మొదట నాణెమనగా నేమో చూతము. పాణిని మహర్షి రూప్యశబ్దమును సాధించుచు దానికి ఆహతము, అనగా కొట్టబడినది, అను అర్థమును చెప్పెను. ఈ ఒక్క మాట గుర్తుంచుకొన్నచో నాణెపు పరీక్షలో సగము తెలిసినట్లే. ప్రాచీనకాలమున లోహపుబిళ్లను ముద్రదిమ్మెల నడుమ నుంచి సుత్తితో కొట్టి నాణెమును చేయుచుండిరి. నేటి నకిలీలలో పెక్కు అచ్చులో కరగించి పోసినవి. కొట్టినదానికిని పోసినదానికిని గల భేదమును కనిపెట్టుటయే పరీక్షకు మూలసూత్రము. కొన్ని ప్రాచీన నాణెములను సయితము ఆనాటివారే పోతపోసిరి గనుక ఈ సూత్రమును గ్రుడ్డిగా వాడరాదు.

దొంగనాణెములు క్రొత్తవి కావు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున టంకశాలకు లక్షణాధ్యక్షుని, చెలామణిలోని నాణెములను పరీక్షించుటకు రూపదర్శకుని ఏర్పరచెను. కూటరూపములు చేయువారికి దండనము విధించెను. తరువాతి కాలమున ఆ పరీక్షాధికారము షరాబులకు వచ్చినది. వారు నాణెమును రాతిమీద వేసి మ్రోతను విని, ఒరగల్లు మీద గీచి వన్నెను చూచి, త్రాసులో తూచి మంచిచెడ్డలు చెప్పుచుండిరి. ఆ వృత్తిపేరే కొన్ని కుటుంబములకు ఇంటిపేరైనది. ఆనాటి మోసగాడు సంతలోని వర్తకుని వంచించుచుండెను. నేటి మోసగాడు చరిత్రమీద ప్రీతిగలవానిని వంచించుచున్నాడు. భేదము ఇంతియే.

ఇక వేలమున కొనువాని కష్టములను ఒక్కొక్కటిగా చెప్పెదను.

మొదటిది ధర. మన దేవాలయములలో కొబ్బరికాయల పాటయు, చెరువులోని చేపల పాటయు తాము చూచినవే. అక్కడ పాడినవాడు పాడినంతయే చెల్లించును. నాణెముల వేలమున అట్లు కాదు. సుత్తి పడిన ధర మీద కొనుగోలుదారుడు వేలంశాలకు వేరుగా కొంత రుసుము చెల్లింపవలయును. లండను నగరములోని రెండు ప్రసిద్ధములగు వేలంశాలలు 1975లో నూటికి పది చొప్పున ఈ రుసుమును విధింప మొదలుపెట్టినవి. నేడు ఇది చాలచోట్ల అంతకు మించియున్నది. ఒక నాణెము 10,000 రూపాయలకు పాట ముగిసినదనుకొందము. రుసుము నూటికి ఇరువది యైనచో 2,000 రూపాయలు చేరును. దానిమీద పన్నులు, తపాలా కర్చు, భీమా కర్చు వేరు. పాడునపుడు పదివేలే కన్పట్టును. చెల్లించునపుడు పండ్రెండువేలు దాటును. కావున బుద్ధిమంతుడు తాను ఈయగల మొత్తమును ముందు నిర్ణయించుకొని, అందుండి రుసుమును పన్నును తీసివేసి, మిగిలినంతవరకే పాడవలయును.

ధరను గూర్చియే మరియొక సూక్ష్మము కలదు. ఒక నాణెమునకు పదిమంది పాడుచున్నారనుకొనుడు. ఆ పదుగురిలో తొమ్మండుగురు ఇంత విలువ చేయదని మానుకొన్న తరువాతనే పదియవవానికి అది దక్కును. అనగా గెలిచినవాడు తరచుగా అందరికంటె ఎక్కువ వెల కట్టినవాడే గాని, అందరికంటె సరిగా వెల కట్టినవాడు కాడు. ఇందుపైని పౌరుషము చేరినచో చెప్పవలసినదే లేదు. ఎదుటివాడు పెంచినాడు గనుక నేనును పెంచెదనను పట్టుదల చేపలపాటలోనే ఎన్ని ఇండ్లను తీసినదో తాము ఎరుగుదురు. కొన్ని తావులలో అమ్మకందారుని మనుషులే కొనువారివలె చేరి పాటను పెంచుటయు కలదు. పాట వేగమునకు లోబడక తన హద్దుకడ నిలుచుటకంటె వేరు మందు లేదు.

రెండవది వస్తువును చేతబట్టి చూడకయే కొనుట. గిత్తను కొనువాడు పండ్లు చూచును, నడిపించి చూచును. నాణెము కొనువాడు నేడు తరచుగా పటమును మాత్రమే చూచుచున్నాడు. పటములో రెండు ముఖములు కనబడును గాని అంచు కనబడదు. నకిలీ జాడ తరచుగా అంచునందు ఉండును. పటములో బరువు లేదు, మ్రోత లేదు. వెలుతురు ఒక ప్రక్కనుండి పడునట్లు చేసినచో అరిగిన బొమ్మయు స్ఫుటముగా కన్పట్టును. అరిగిన గీతలను సన్నని ఉలితో మరల చెక్కి, క్రొత్త శోభ తెచ్చి అమ్మువారును కలరు. నాణెము నిజమైనదే, చెక్కుడు మాత్రము నేటిది. దీనిని ఏమనవలయును? పాతగ్రంథములో శిథిలమైన శ్లోకమునకు మారుగా సొంతశ్లోకమును వ్రాసి అతికించుట వంటిది.

ఇట్టి సందర్భమున వేలంశాలవారు అచ్చువేయు నియమములను అక్షరమక్షరము చదువవలయును. ఉన్నది ఉన్నట్లు అమ్మెదమని కొందరు వ్రాయుదురు. నకిలీ యని తేలినచో ఇన్ని దినములలోపల తిరిగి తీసికొందుమని కొందరు వ్రాయుదురు. మొదటివారికడ మోసపోయినవానికి మొరపెట్టుకొన చోటు దొరకుట కష్టము. నా పూర్వవిద్యార్థి యొకడు ఒక నగరములోని వేలంశాలనుండి మూడు విజయనగర వరహాలను కొని నాకు చూపుటకు తెచ్చెను. వరహా బరువు సుమారు మూడు గ్రాముల నలుబది పాళ్లుండవలయును. ఆ మూడింటి బరువును ఇంచుమించుగా సరియే. కాని భూతద్దముతో చూడగా మూడింటియందును దేవతామూర్తి మోకాలికడ ఒకే చోట ఒకే ఆకారము గల సన్నని గుంట ఉండెను. సుత్తితో వేరువేరుగ కొట్టిన నాణెములు అన్నదమ్ములవలె పోలియుండును గాని, ఒకనికి తగిలిన గాయము మువ్వురికిని అదేచోట ఉండదు. ఒక్క నాణెమునుండి అచ్చు తీసి మూడును పోసిరని స్పష్టమైనది. ఆ వేలంశాల నియమములలో గడువు వ్రాసియుండుటచేతను, గడువు ఇంకను మిగిలియుండుటచేతను అతని సొమ్ము అతనికి తిరిగివచ్చినది.

మూడవది ఈ నకిలీల బాధయే. పోతనాణెమునకు కొన్ని గుర్తులు కలవు. అంచు చుట్టును సన్నని అతుకుగీత యుండవచ్చును, లేదా దానిని ఆకురాయితో రాచిన జాడ యుండవచ్చును. లోహము చల్లారునపుడు లేచిన గాలిబుగ్గలు చిన్నచిన్న గుంటలుగ నిలుచును. అక్షరముల అంచులు వాడిగ నుండక సబ్బుబిళ్లమీది అక్షరములవలె మెత్తబడియుండును. మన శాతవాహనుల నాణెములలో సీసపువి చాల కలవు. సీసము 327 డిగ్రీల వేడికే కరగును. వంటింటి పొయ్యి చాలును. కావున సీసపు నాణెములను పోయుట సులభము. యజ్ఞశ్రీ శాతకర్ణి రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మతో వేయించిన నాణెములు మన ఆంధ్రుల సముద్రయానమునకు సాక్ష్యములని పేరుపొందినవి. రాజుల ముఖబింబములతో కూడిన శాతవాహనుల వెండి నాణెములు అరుదైనవి. ఎచ్చట పేరును అరుదుతనమును కూడునో అచ్చటనే నకిలీగాడు కాచుకొనియుండును.

లోహమును పరీక్షించుటకు నీటితూనిక మంచి సాధనము. నాణెమును గాలిలో ఒకసారి, నీటిలో వ్రేలాడదీసి ఒకసారి తూచి, తగ్గిన బరువుతో మొదటి బరువును భాగింపవలయును. మేలిమి బంగారమునకు 19కి పైగాను, సీసమునకు 11కి పైగాను, వెండికి పదిన్నరయు, రాగికి సుమారు 9ని వచ్చును. బంగారములో కలుపు పెరిగినకొలది ఈ లెక్క తగ్గుచుండును. నాణెమునకు హాని లేకుండ ఇంటనే చేయదగిన పరీక్ష ఇది.

కాని లోహపరీక్ష ఒక్కటియే చాలదు. జర్మనీదేశమున 1772 నుండి 1830 వరకు జీవించిన కార్ల్ విల్‌హెల్మ్ బెకర్ అనువాడు ఈ విద్యలో ఘనుడు. అతడు పోతపోయలేదు, గ్రీకు రోమను నాణెముల ముద్రదిమ్మెలను తన చేతితోనే చెక్కి, పూర్వులవలెనే కొట్టెను. ఒక్కొక్కప్పుడు అరిగిపోయి చవుకగా దొరకు నిజమైన పాతనాణెములనే బిళ్లలుగా వాడి వానిమీద తన ముద్ర వేసెను. అట్టి నాణెమున లోహము నిజముగనే ప్రాచీనము, ముద్ర మాత్రమే కల్ల. వానికి పాతదనము తెచ్చుటకై ఇనుపరజను నింపిన పెట్టెలో వేసి, ఆ పెట్టెను బండి ఇరుసునకు కట్టి త్రిప్పుచుండెనట. అతని దిమ్మెలు నేడు బెర్లినులోని ప్రదర్శనశాలలో భద్రముగ నున్నవి.

పండితులును పొరబడుట కలదు. 1988లో నల్లసముద్రతీరమున దొరకినవని చెప్పి చిన్నచిన్న గ్రీకు వెండి నాణెములు పెక్కు లండను విపణికి వచ్చినవి. నిజమైనవని కొందరు నిపుణులు, కావని కొందరు వాదించిరి. తుదకు అవి నకిలీలని తేలినది. ఇంకను చిత్రమైనది 2012 జనవరిలో న్యూయార్కు నగరమున జరిగినది. నాణెములను కూర్చుటలో పేరుపొందిన శస్త్రవైద్యుడొకడు సిసిలీ ద్వీపమున దొంగచాటుగ త్రవ్వితీసినవని తాను నమ్మిన ప్రాచీన నాణెములను అమ్మకమునకు తెచ్చి పట్టుబడెను. అభియోగము దొంగసొత్తు విషయమున వచ్చినది. విచారణలో ఎలెక్ట్రాను సూక్ష్మదర్శినితో చూడగా ఆ నాణెములు ప్రాచీనములే కావని, నేటి నకిలీలని బయటపడినది. జీవితమంతయు నాణెములతో గడపినవానికే ఇట్లయినచో ఇతరుల మాట చెప్పనేల? తన తప్పును వివరించుచు, పుట్టుక తెలియని నాణెములను కొనుటలోని కీడును గూర్చి వ్యాసము వ్రాయుటయు అతనికి విధించిన శిక్షలో భాగమైనది.

ఈ కథయే మనలను నాల్గవ కష్టమునకు తెచ్చుచున్నది. అది నాణెముయొక్క పుట్టుపూర్వోత్తరములు. ఈ నాణెము ఎచ్చట దొరకినది? ఎప్పుడు దొరకినది? ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినది? ఈ ప్రశ్నలకు కాగితము మీద జవాబు కావలయును. ఆ కాగితమును నిజమైనది కావలయును. జూలియస్ సీజరును చంపిన బ్రూటసు క్రీస్తుపూర్వము 42 ప్రాంతమున ఒక నాణెమును వేయించెను. ఒకవైపు అతని తల, వేరొకవైపు రెండు బాకులు. అట్టి బంగారు నాణెమొకటి 2020 అక్టోబరులో లండను వేలమున సుమారు 32 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయినది. పాతకాలపు ప్రభువొకని సేకరణలోనిదని దానికి చరిత్ర కట్టిరి. ఆ చరిత్ర కల్పితమని తరువాత తేలినది. 2023లో అమెరికా అధికారులు ఆ నాణెమును పట్టుకొని గ్రీసుదేశమునకు అప్పగించిరి. నాణెము నిజమైనదే, దాని కథ అబద్ధము. కొన్నవానికి నాణెమును దక్కలేదు.

పుట్టుక తెలియకపోవుటచే నష్టపడునది కొనువాడు మాత్రమే కాదు. 1906లో నాసికు సమీపమున జోగల్‌తెంబి అనుచోట ఒక కుండలో సుమారు 13,250 వెండి నాణెములు దొరకినవి. అన్నియు క్షహరాతరాజగు నహపానునివి. అందు తొమ్మిదివేలకు పైబడి నాణెములమీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను మరల కొట్టించియుండెను. నహపానుని గెలిచి అతని ధనమును తన పేర చెలామణి చేయించెనని ఆ కుండయే చాటిచెప్పినది. కుండ కుండగా పండితులకు దక్కుటచేతనే ఈ లెక్క తెలిసినది. ఆ నాణెములు దొరకిననాడే పదుగురు పంచుకొని పది ఊళ్లలో అమ్ముకొనియున్నచో ఈ చరిత్ర ఇంత స్ఫుటముగ మనకు అందకుండెడిది.

ఇంకొకటి వినుడు. నన్నయభట్టారకుని పోషించిన రాజరాజనరేంద్రుని పేరు వినని తెలుగువాడుండడు. అతని బంగారు నాణెములును, అతనికి ముందు వేంగినేలిన శక్తివర్మ నాణెములును వరాహలాంఛనముతో నున్నవి. అవి సముద్రమునకు ఆవలనున్న అరకానుతీరమునను సయాముదేశమునను దొరకినవి. ఆ ఒక్క మాటచేత వేంగిదేశపు బంగారము బంగాళాఖాతమును దాటి పోవుచుండెనని మనము ఎరిగితిమి. దొరకిన చోటు వ్రాసియుండనిచో అవి వట్టి బంగారపు రేకులే. వేలపు పట్టికలో ఎంత గొప్ప వర్ణన వ్రాసినను, పోయిన ఊరిపేరు తిరిగిరాదు.

అయిదవది చట్టము. 1878 నాటి భారత నిధిచట్టము ప్రకారము నేలలో దాగి దొరకిన నిధి పదిరూపాయల విలువకు మించినచో దొరకించుకొన్నవాడు కలెక్టరునకు వ్రాతమూలముగ తెలుపవలయును. దాచినవానికి సంబంధించిన హక్కుదారులెవరును తేలనప్పుడు, వేరొడంబడిక లేనిచో, దొరకించుకొన్నవానికి నాలుగింట మూడువంతులును, భూమి యజమానునకు నాల్గవవంతును చెందును. ప్రభుత్వమే నిధిని తీసికొనగోరినచో ఆ లోహపు విలువకు అయిదవవంతు చేర్చి చెల్లించును. దాచిపెట్టినవాడు తన భాగమును కోల్పోవుటయే కాక ఒక సంవత్సరమువరకు చెరసాలకును అర్హుడగును. చెప్పినవానికి భాగమును, దాచినవానికి శిక్షయు కలదను సంగతి మన పల్లెలలో పెక్కుమందికి తెలియదు. ఈ తెలియమిచేతనే భయపడి కుండను రాత్రికి రాత్రి అంగడికి చేర్చుదురు. అది మూసలో కరగిపోవును, లేదా దళారి సంచిలో పడును.

రెండవది 1972లో చేయబడి 1976 ఏప్రిలు 5వ తేదీనుండి అమలులోనికి వచ్చిన పురావస్తు చట్టము. నూరేండ్లకు తక్కువ కాని నాణెము దీని ప్రకారము పురావస్తువు. అట్టివానితో వ్యాపారము చేయువానికి అనుమతిపత్రము ఉండవలయును. ప్రభుత్వము తప్ప మరెవ్వరును వానిని దేశమునుండి బయటికి పంపరాదు. పంపినచో ఆరునెలలకు తగ్గని చెరయు జరిమానాయు కలవు. కావున ఇచ్చట కొన్న పాత వరహాను పైదేశమందున్న కొడుకునకు కానుకగా పంపుటయు నేరమే యగును. వేలమున కొనువాడు అమ్మకందారుని అనుమతిపత్రమును చూడవలయును, రసీదును నాణెముతోపాటే భద్రపరుపవలయును. రసీదు లేని నాణెము పట్టాలేని పొలము వంటిది.

తుదకు మన పల్లెలను ప్రత్యేకముగ పీడించుచున్న ఒక మోసమును గూర్చి హెచ్చరించెదను. ఒకవైపు హనుమంతుడో శ్రీరామపట్టాభిషేకమో, వేరొకవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, అర్ధ అణా, 1818 అను అక్షరములు గల రాగిబిళ్లలను తాము చూచియుందురు. అట్టి నాణెములను కంపెనీవారు చెలామణికి వేయనేలేదు. అవి తరువాతివారి కల్పనలు. అది బియ్యపుగింజలను లాగునని, అందు దివ్యలోహము కలదని, కోట్లు చేయునని రైస్ పుల్లింగు పేరుతో కొందరు నమ్మించుచున్నారు. గింజలకు ముందుగనే ఇనుపరజను పట్టించి, అయస్కాంతమును మరుగున నుంచిన ఎట్టి బిళ్లయైనను గింజలను లాగును. పరీక్షకర్చులని, బయానాలని చెప్పి పొలములు అమ్మించినవారున్నారు. దేవుని బొమ్మను చూచి మనము చేతులు జోడింతుము. మోసగాడు ఆ భక్తినే పెట్టుబడిగా పెట్టుకొనుచున్నాడు. పాతనాణెము కొందుము, ముందు రుసుము చెల్లింపుడని రిజర్వుబ్యాంకు పేరు చెప్పి పిలుచువారును బయలుదేరినందున, తాము అట్టి వ్యవహారములు చేయమనియు, ఏ రుసుమును అడుగమనియు ఆ బ్యాంకువారే 2021 ఆగస్టులో ప్రకటించిరి. అమ్ముకొనువానిని ముందు సొమ్ము కట్టుమనుట ఏ సంతలోను లేని ధర్మము. ఆ ఒక్క మాట చాలును, మోసమని గుర్తించుటకు.

ఇంతవరకు చెప్పినదానికి సారమిది. నాణెముకంటె ముందు నాణెములను గూర్చిన పుస్తకమును కొనవలయును. ప్రదర్శనశాలలకు పోయి నిజమైనవానిని కనులార చూచి కన్నును అలవరచుకొనవలయును. కొండాపురపు త్రవ్వకములలో దొరకిన శాతవాహన నాణెముల వంటివి చూచినకన్ను నకిలీని చూడగనే తడుముకొనును. వెల ఎక్కువైన అరుదైన నాణెముతో ప్రారంభింపక, నకిలీగానికి పని చెప్పని సామాన్యపు రాగినాణెములతో ప్రారంభింపవలయును. నియమములు చదివి, హద్దు నిర్ణయించుకొని, రసీదు పుచ్చుకొని, తక్కెడను భూతద్దమును చేతనుంచుకొని పాడవలయును. సందేహమున్నచోట మానుకొనుటచే ఎవ్వరును చెడలేదు.

తమవంటి పెద్దలు చేయదగినది మరియొకటి కలదు. ఊరిలో ఎవరికైనను కుండగాని నాణెముగాని దొరకెనని వినినచో వానిని బెదరింపక ధైర్యము చెప్పి, కలెక్టరునకు తెలుపునట్లు చేయుడు. దొరకిన చేను, లోతు, దినము, నాణెముల సంఖ్య ఒక కాగితముమీద వ్రాయించి ఉంచుడు. చింతపండుతోను బూడిదతోను తోమనీయకుడు. తోమిన నాణెము వెలయు, దాని పైపొరతోపాటు అక్షరములును పోవును. ఆ కాగితము ముక్క ఏ వేలంశాలయందును దొరకదు. దానిని వ్రాయగలవారు ఆ పొలము గట్టున నిలిచిన మీరే. సెలవు.